వైజాగ్‌లో వ్యాన్ నడిపేవాళ్లకు స్పీడ్ లిమిట్లు, చలాన్లు: మొదటి నుంచి చివరిదాకా

గూడ్స్ వ్యాన్‌కి సిటీలో 60 లిమిటా, 80 లిమిటా? కారు వెళ్లే వేగంలోనే వెళ్తే నాకే చలాన్ ఎందుకొచ్చింది? ఫైన్ డ్రైవర్ కట్టాలా, ఓనర్ కట్టాలా? గాజువాక ఆటోనగర్ నుంచి మధురవాడ దాకా వ్యాన్ డ్రైవర్లు పదే పదే అడిగే ప్రశ్నలివి. జవాబులు వరసగా ఇక్కడ ఇస్తున్నాను. చదివేటప్పుడు ఆర్‌సీ (బండి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) దగ్గర పెట్టుకోండి, మొదటి మెట్టులోనే దాంతో పని పడుతుంది.

1. మీ బండి ఏ తరగతిదో ఆర్‌సీలో చూడండి

స్పీడ్ లిమిట్ బండి ఆకారాన్ని బట్టి రాదు, ఆర్‌సీలో రాసిన తరగతిని బట్టి వస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే. ఒకే మోడల్ వ్యాన్ ప్యాసింజర్ రకంలోనూ, కార్గో రకంలోనూ దొరుకుతుంది. చూడడానికి రెండూ ఒకలాగే ఉంటాయి, లిమిట్లు మాత్రం వేరు.

ఆర్‌సీలో మూడు విషయాలు చూసి రాసుకోండి:

- వాహన తరగతి: గూడ్స్ క్యారియరా, ప్యాసింజర్ వాహనమా, మూడు చక్రాల గూడ్స్ బండా
- గ్రాస్ వెయిట్: సరుకుతో కలిపి బండికి అనుమతించిన మొత్తం బరువు
- సీట్ల సంఖ్య: ప్యాసింజర్ వ్యాన్ అయితే డ్రైవర్‌ని మినహాయించి ఎన్ని సీట్లు

గ్రాస్ వెయిట్ 7,500 కిలోలు దాటకపోతే చట్టం లెక్కలో అది తేలికపాటి వాహనం. టాటా ఏస్, అశోక్ లేలాండ్ దోస్త్, బొలెరో పికప్ లాంటివన్నీ ఇందులోకే వస్తాయి. 7,500 దాటి 12,000 కిలోల వరకు మీడియం, ఆపైన హెవీ. ఫైన్ ఎంత పడుతుందన్నది ఈ గీత మీదే ఆధారపడి ఉంటుంది.

లైసెన్స్ గురించి కూడా ఒక మాట. ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనం) లైసెన్స్ ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని, లైసెన్స్ మీద విడిగా ఎండార్స్‌మెంట్ (రవాణా బండికి ప్రత్యేక అనుమతి) లేకుండా నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చిచెప్పింది. ఇంకా దీని మీద టెన్షన్ పడుతున్న చిన్న వ్యాన్ల డ్రైవర్లు ఆ భయం వదిలేయవచ్చు.

2. మీ తరగతికి ఉన్న అంకెలు రాసుకోండి

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2018 ఏప్రిల్ 6న ఇచ్చిన నోటిఫికేషన్‌లోని గరిష్ఠ వేగాలు ఇవి, గంటకు కిలోమీటర్లలో:

- మూడు చక్రాలవి తప్ప గూడ్స్ బండ్లన్నీ, చిన్నవైనా పెద్దవైనా: డివైడర్ ఉన్న ఫోర్‌లేన్, అంతకంటే పెద్ద రోడ్డు మీద 80, మునిసిపల్ పరిధిలో 60, మిగతా రోడ్ల మీద 60
- డ్రైవర్ కాక 8 సీట్ల వరకు ఉన్న ప్యాసింజర్ వ్యాన్: ఫోర్‌లేన్ మీద 100, మునిసిపల్ పరిధిలో 70, మిగతా రోడ్ల మీద 70
- డ్రైవర్ కాక 9, అంతకంటే ఎక్కువ సీట్లున్న వ్యాన్, మినీబస్సు: ఫోర్‌లేన్ మీద 90, మిగతా రెండు చోట్లా 60
- మూడు చక్రాల బండి: అన్ని చోట్లా 50

గూడ్స్ బండికి 80 అన్నదే అన్నిటికంటే పై మెట్టు. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కినా అది పెరగదు. పక్కన కారు వందలో పోతుంటే దానికి చెల్లుతుంది, మీకు చెల్లదు.

ఇవి కేంద్రం పెట్టిన గరిష్ఠాలు మాత్రమే. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థ, ఏ రోడ్డు మీదైనా వీటిని తగ్గించవచ్చు. ఆంక్ష నెల రోజులకు మించకపోతే నోటిఫికేషన్ కూడా అక్కర్లేదు. రోడ్డు పనుల దగ్గరో, ఉత్సవాలప్పుడో కొత్తగా బోర్డు కనిపిస్తే ‘నిన్న లేదు కదా’ అన్న వాదన నిలబడదు. ఎర్ర అంచున్న గుండ్రటి బోర్డు మీద ఏ అంకె ఉంటే మీ లిమిట్ అదే. మీ తరగతి అంకె బోర్డు కంటే తక్కువైతే, ఆ తక్కువదే.

3. వైజాగ్ రోడ్లను మనసులో మూడు ముక్కలు చేసుకోండి

*మొదటి ముక్క, జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) పరిధి.* దీన్ని మర్చిపోవడం వల్లే ఎక్కువ ఫైన్లు పడుతున్నాయని నా అభిప్రాయం. కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్‌ఏడీ, కంచరపాలెం, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ మీదుగా వెళ్లే రోడ్డుకి డివైడర్ ఉంది, లేన్లున్నాయి, చూడడానికి అచ్చం హైవేనే. అందుకే డ్రైవర్ చేయి తనకు తెలియకుండానే 80కి వెళ్లిపోతుంది. కానీ అదంతా నగరం నడిబొడ్డు. అనకాపల్లి, భీమిలి కూడా జీవీఎంసీలో కలిసిపోయిన ఊళ్లే. నా సలహా సూటిగా చెప్తాను: గూడ్స్ వ్యాన్‌తో ఈ పరిధిలో ఉన్నంతసేపూ 60ని పైకప్పుగా పెట్టుకోండి. బోర్డు మీద ఇంకా తక్కువ ఉంటే దానికి దిగండి.

*రెండో ముక్క, ఊరి బయట ఫోర్‌లేన్, సిక్స్‌లేన్.* ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి వెళ్లే బైపాస్ ఇలాంటిదే. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి సిటీలో దిగుమతి లేనివాళ్లు ఈ దారే పట్టాలి. సిటీలో సిగ్నళ్ల దగ్గర పోయిన టైమును ఆ తర్వాత స్పీడుతో రాబట్టుకోవాలన్న ఆరాటమే ఉండదు. ఈ రోడ్డు మీద గూడ్స్ బండికి 80 సరే గానీ, ఊళ్లు తగిలే చోట్ల, సర్వీసు రోడ్డు కలిసే చోట్ల బోర్డులు చూసుకోవాలి.

*మూడో ముక్క, డివైడర్ లేని రోడ్లు, ఘాట్లు.* శృంగవరపుకోట దాటి అనంతగిరి, అరకు వైపు కూరగాయలకో, కాఫీ బస్తాలకో వెళ్లేవాళ్లకు కాగితం మీద 60 ఉన్నా ఆ మలుపుల్లో అది పనికిరాని అంకె. ఎక్కడానికి వాడిన గేరులోనే దిగండి. న్యూట్రల్‌లో వదలొద్దు, ఇంజన్ ఆపొద్దు. బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే లైనింగ్ వేడెక్కి, తీరా కావాల్సినప్పుడు పట్టదు. ఇరుకు చోట కిందికి దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. చలికాలం తెల్లవారుజామున మంచు పడితే ముందు కనిపించే దూరాన్ని బట్టే వేగం.

4. తాళం తిప్పకముందే స్పీడు సంగతి తేల్చండి

ఈ భాగం మీద కాస్త ఎక్కువ సేపు ఆగుతాను. ఓవర్‌స్పీడ్ రోడ్డు మీద కనిపిస్తుంది గానీ, దాని కారణం చాలాసార్లు గోడౌన్‌లోనే పుడుతుంది. లోడింగ్ అరగంట ఆలస్యమైతే డ్రైవర్ ఆ అరగంటను రోడ్డు మీద వెతుక్కుంటాడు. అది దొరకదు.

లెక్క వేసి చూడండి. 20 కిలోమీటర్ల దారి ఎక్కడా ఆగకుండా 60లో వెళ్తే 20 నిమిషాలు, 80లో వెళ్తే 15 నిమిషాలు. మిగిలేది 5 నిమిషాలు, అదీ ఒక్క సిగ్నల్ కూడా పడకపోతే. అసలు టైము పోయేది బిల్లు కోసం, దిగుమతి చేసే కళాసీల కోసం, పూర్ణా మార్కెట్ సందుల్లో బండి పెట్టే చోటు కోసం. ఆ మూడింటినీ ముందే సర్దుకుంటే 5 నిమిషాల కోసం ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు.

ప్రాణం మీదికి అని ఊరికే అనలేదు. ముందు అడ్డం వచ్చింది, బ్రేకు తొక్కాలి అని తోచడానికి ఒక్క సెకను పట్టిందనుకోండి. ఆ సెకనులో బండి 60లో సుమారు 17 మీటర్లు, 80లో సుమారు 22 మీటర్లు పోతుంది. ఆ తర్వాత బ్రేకు మీద ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 60 నుంచి 80కి వెళ్తే దాదాపు 1.8 రెట్లు అవుతుంది. పైన ఎత్తుగా సరుకు వేసిన వ్యాన్ అయితే గట్టి బ్రేకుకి, ఒక్కసారిగా తిప్పిన స్టీరింగ్‌కి పక్కకు ఒరుగుతుంది కూడా.

బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి:

- డెలివరీ చోట్లు వరసగా రాసుకుని, ఒక్కో చోట దిగుమతికి పట్టే టైము కలిపి మొత్తం లెక్క వేశారా
- ఆఖరి డెలివరీ టైము మరీ బిగుతుగా ఉంటే అప్పుడే ఓనర్‌కి, పార్టీకి ఫోన్ చేసి చెప్పారా
- మీ బండికి సిటీలో గూడ్స్ ఎంట్రీ టైమింగ్స్ వర్తిస్తాయేమో ట్రాఫిక్ పోలీసుల దగ్గర కనుక్కున్నారా
- బరువు గ్రాస్ వెయిట్ లోపలే ఉందా, బరువైన సరుకు కింద, ముందువైపు ఉందా
- టైర్లలో లోడుకు తగిన గాలి ఉందా
- నంబర్ ప్లేటుకు తాడు, టార్పాలిన్, డాలా అడ్డం రావడం లేదా
- లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజిలాకర్‌లోనో ఎం-పరివాహన్‌లోనో తెరుచుకుంటున్నాయా. వాటిలో చూపించినా చెల్లుతాయి

5. స్పీడోమీటర్, స్పీడ్ గవర్నర్ సరిచూసుకోండి

కంపెనీ బిగించిన స్పీడోమీటర్ మామూలుగా అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేయిస్తే లెక్క తిరగబడి తక్కువ చూపించే ప్రమాదం ఉంది. ఖాళీ రోడ్డు మీద స్థిరంగా 50లో వెళ్తున్నప్పుడు ఫోన్‌లోని జీపీఎస్ వేగం ఎంతుందో పక్కన కూర్చున్నవాళ్లను చూడమనండి. జీపీఎస్ అంకె మీటర్ కంటే ఎక్కువగా వస్తే మెకానిక్‌కి చూపించే దాకా ఆ తేడా తీసేసి నడపండి.

బండి ఒక వేగం దాటకుండా ఆపే పరికరం గవర్నర్. అది ఉంది కదా, ఇక చలాన్ రాదు అనుకునేవాళ్లు చాలామంది. రవాణా బండ్లలో దాన్ని మామూలుగా 80కి సెట్ చేస్తారు. సిటీలో 60 దాటినా అది ఆపదు, బోర్డు మీద 40 ఉన్నా దానికి తెలియదు. అది 80 దగ్గర ఆపే గోడ మాత్రమే, ఆ లోపు బాధ్యత మొత్తం మీ కాలిదే. దాని సీలు తెంపడం, వైరు తీసేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు.

6. పట్టుబడితే ఏమవుతుంది

2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం 183వ సెక్షన్ కింద:

- తేలికపాటి వాహనం: 1,000 నుంచి 2,000 రూపాయలు
- మీడియం, హెవీ వాహనం: 2,000 నుంచి 4,000 రూపాయలు
- రెండోసారి, ఆపైన: డ్రైవర్ లైసెన్స్ స్వాధీనం చేసుకుని లైసెన్సింగ్ అధికారికి పంపుతారు

అసలు నష్టం మూడో వరసలో ఉంది. అలా పంపిన లైసెన్స్‌ని డ్రైవర్ వాదన విన్నాక మొదటిసారి 3 నెలలు ఆపవచ్చు, మళ్లీ జరిగితే రద్దు చేయవచ్చు. 3 నెలలు స్టీరింగ్ పట్టకపోతే ఇల్లు ఎలా గడుస్తుందో ఆలోచిస్తే 1,000 రూపాయల ఫైన్ చిన్నదిగా కనిపిస్తుంది.

స్పీడుతో పాటు రెడ్ సిగ్నల్ దాటడం, ఫోన్ చేత్తో పట్టుకుని నడపడం, రాంగ్ రూట్ లాంటివి తోడైతే 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్ కేసు కావచ్చు. దానికి మొదటిసారే 1,000 నుంచి 5,000 వరకు ఫైన్, లేదా 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. బెల్టు లేకపోతే మరో 1,000. ఓవర్‌లోడ్ దొరికితే 20,000, ఆపైన అదనపు టన్నుకి 2,000 చొప్పున.

7. ఓనర్లు తప్పక చదవాల్సింది

ఫైన్ ఎవరు కట్టాలన్న ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు చాలామంది ఓనర్లకు తెలియదు. 183వ సెక్షన్ నడిపినవాడికే కాదు, తన దగ్గర పనిచేసే మనిషి చేత అలా నడిపించినవాడికి కూడా వర్తిస్తుంది. అంతేకాదు, లిమిట్ దాటకుండా చేరుకోలేని టైము పెట్టి ఆ లోపు ట్రిప్పు ముగించమని చెప్తే, ఆ ఆదేశమే నేరానికి ప్రాథమిక సాక్ష్యం అవుతుంది. ‘ఎలాగైనా పదింటికల్లా అక్కడ ఉండాలి’ అని మీరు పెట్టిన వాట్సాప్ మెసేజ్ కోర్టులో మీకే ఎదురు రావచ్చు.

డ్రైవర్ జీతంలోంచి ఫైన్ కోసేసి చేతులు దులుపుకోవడం అన్యాయం అని నేను నమ్ముతాను. ముందు ఆ ట్రిప్పుకి మీరిచ్చిన టైము చూడండి. సాధ్యమైన టైమే ఇచ్చి ఉంటే అప్పుడు డ్రైవర్‌తో మాట్లాడండి.

ఓనర్ దగ్గర ఉండాల్సినవి:

- ఏ రోజు, ఏ టైముకి, ఏ బండి, ఎవరు నడిపారో రాసిన పుస్తకం. కెమెరా చలాన్ ఓనర్ పేరు మీదే వస్తుంది, నడిపిందెవరో అడిగితే చెప్పాల్సిన బాధ్యత మీదే
- వాహన్ (ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషన్) రికార్డులో మీ ఇప్పటి ఫోన్ నంబర్, అడ్రస్. పాత నంబర్ ఉంటే చలాన్ వచ్చిందనే తెలియదు
- వారానికోసారి అన్ని బండ్ల చలాన్లు చూసే అలవాటు. పాత బాకీలు సరిగ్గా ఫిట్‌నెస్ రెన్యువల్ టైముకి బయటపడి బండి ఆగిపోతుంది

8. చలాన్ మెసేజ్ వచ్చాక ఈ వరసలో వెళ్లండి

ముందు లింకు నొక్కకండి. ఆర్‌టీఓ చలాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) తెరిస్తే ఫోన్‌లోకి దొంగ యాప్ దిగి బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. ప్రభుత్వం చలాన్‌ని ఏపీకే ఫైలుగా పంపదు.

1. పరివాహన్ ఈ-చలాన్ పోర్టల్‌ని మీరే బ్రౌజర్‌లో తెరవండి. అడ్రస్ చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి.

2. బండి నంబర్‌తోనో చలాన్ నంబర్‌తోనో వెతకండి. అక్కడ ఏమీ లేకపోతే డబ్బు కట్టకండి, ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో అడగండి.

3. ఫోటో తెరిచి నంబర్ ప్లేటులో ప్రతి అక్షరం, అంకె పోల్చండి. బండి రంగు, బాడీ కూడా చూడండి.

4. తేదీ, టైము, చోటు మీ ట్రిప్పు పుస్తకంతో పోల్చండి.

5. నమోదైన వేగం, అక్కడి లిమిట్, రాసిన సెక్షన్ చూడండి.

6. అన్నీ సరిపోతే నోటీసులో ఇచ్చిన గడువు లోపలే కట్టి, రసీదు దాచుకోండి. ఒకట్రెండు రోజుల తర్వాత మళ్లీ వెతికి బాకీ తొలగిందో లేదో చూసుకోండి.

పొరపాటున దొంగ యాప్ వేసేసుకుంటే వెంటనే మొబైల్ డేటా ఆపి, బ్యాంకుకి చెప్పి, 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

9. చలాన్ తప్పు అనిపిస్తే

కోపంతో స్టేషన్‌కి వెళ్లి గొడవ పడేకంటే కాగితంతో వెళ్లడం మంచిది. కెమెరా చలాన్లకు కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2021 ఆగస్టులో చేర్చిన 167ఏ నిబంధన కొన్ని షరతులు పెట్టింది. అందులో జాబితా చేసిన 132 నగరాల్లో విశాఖపట్నం కూడా ఉంది. మీ చలాన్‌ని వీటితో పోల్చండి:

- నేరం, నంబర్ ప్లేటు స్పష్టంగా కనిపించే ఫోటో
- పరికరం కొలిచిన వేగం
- తేదీ, సమయం, స్థలం
- ఉల్లంఘించిన సెక్షన్
- ఎలక్ట్రానిక్ రికార్డు సరైనదని చెప్పే సర్టిఫికెట్
- నేరం జరిగిన 15 రోజుల లోపల నోటీసు పంపారా
- కెమెరా ఉన్నట్టు ముందు హెచ్చరిక బోర్డు ఉందా
- పరికరానికి ఏటా రెన్యువల్ చేయాల్సిన ఆమోద సర్టిఫికెట్ అమల్లో ఉందా

లోపం కనిపిస్తే పోర్టల్‌లోని ఫిర్యాదు విభాగంలో చలాన్ నంబర్, ఆర్‌సీ, మీ బండి ఫోటో, ఆ టైముకి బండి వేరే చోట ఉందని చూపే ఆధారం జత చేయండి. ఫాస్టాగ్ ఎంట్రీ, జీపీఎస్ ట్రాక్, డెలివరీ రసీదు మీద టైము, ఇవన్నీ పనికొస్తాయి. అక్కడ తేలకపోతే కోర్టులో వాదించుకునే హక్కు మీకుంది.

పోలీసు చేత్తో రాసిన కేసైతే ఇంకో విషయం గుర్తుంచుకోండి. ‘చాలా స్పీడుగా పోయాడు’ అన్న ఒక్క సాక్షి అభిప్రాయంతోనే శిక్ష వేయకూడదు, పరికరంతో తీసిన కొలత ఉండాలి. స్పీడ్ గన్ రీడింగ్ చూపించమని మర్యాదగా అడగండి. అడగడం వేరు, ఆదేశాన్ని ధిక్కరించడం వేరు. రెండోదానికి 2,000 రూపాయల ఫైన్ విడిగా ఉంది.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి మందు

*కెమెరా దగ్గర బ్రేకు, దాటగానే యాక్సిలరేటర్.* వెనక వచ్చే బైకు గుద్దుకునేది ఇలాంటి చోటే. ఎన్‌ఏడీ నుంచి మద్దిలపాలెం దాకా ఒకే వేగం పట్టుకుని వెళ్లండి, డీజిల్ కూడా మిగులుతుంది.

*60కి 65 పర్లేదనుకోవడం.* ఆ ధీమా మీద నడపొద్దు. 60 ఉన్న చోట 55 దగ్గర కాలు స్థిరపరుచుకుంటే ఇటూ అటూ అయినా లోపలే ఉంటారు.

*ఫ్లైఓవర్, దిగుడు రోడ్డు మీద మీటర్ చూడకపోవడం.* లోడు బండి దిగుడులో తనంతట తానే వేగం అందుకుంటుంది. హనుమంతవాక, ఎండాడ మధ్య ఎత్తుపల్లాల్లో ఇది తేలిగ్గా జరుగుతుంది. దిగుడు మొదలవకముందే ఒక గేరు తగ్గించండి.

*ఖాళీ బండిని లోడు బండి కంటే క్షేమం అనుకోవడం.* వెనక బరువు లేని పికప్ తడి రోడ్డు మీద గట్టి బ్రేకుకి వెనక చక్రాలు జారి తిరుగుతుంది. తిరుగు ప్రయాణంలో, ముఖ్యంగా తొలకరి చినుకులప్పుడు, లోడుతో వెళ్లిన వేగానికి మించొద్దు.

*బండి అమ్మేశాక ఆర్‌సీ మార్చకపోవడం.* కొన్నవాళ్ల స్పీడు చలాన్లు మీ ఇంటికే వస్తాయి. పేరు మారినట్టు పోర్టల్‌లో కనిపించే దాకా అమ్మిన కాగితాలు, తేదీ, టైముతో సహా దాచి ఉంచండి.